స్క్రీన్ మీద 38 డిగ్రీలు సరే... అది ఎక్కడి 38? గ్యాడ్జెట్ లవర్స్ తెలుసుకోవాల్సిన సెన్సర్ పదాలు

గేమింగ్ టెస్ట్‌లో మనందరం చూసే నంబర్ బ్యాటరీ టెంపరేచర్. యాప్ 38 డిగ్రీలు అంటుంది, కానీ కెమెరా పక్కన వేలు పెడితే చురుక్కుమంటుంది. యాప్ అబద్ధం చెప్తోందా? లేదు. అది బ్యాటరీ దగ్గరున్న సెన్సర్ చెప్పే మాట. ప్రాసెసర్ ఎంత కాలుతోందో దానికి తెలీదు.

ఈ తేడా నాకు ఉద్యోగంలో అర్థమైంది. నేను వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఒక ప్లాంట్ కోసం డ్యాష్‌బోర్డ్ చేసి, ట్యాంక్ బొమ్మ మీద టెంపరేచర్ ఒక్కటే పెద్దగా పెట్టాను. అక్కడి ఇన్‌స్ట్రుమెంటేషన్ సీనియర్ చూసి, "ఈ సెన్సర్ ట్యాంక్‌లో ఏ ఎత్తున ఉంది బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయన దగ్గర నేర్చుకున్నవే ఈ పదాలు.

1. ప్రాసెస్ వేరియబుల్, సెట్ పాయింట్

ఏసీ రిమోట్‌లో మీరు 24 పెట్టారు. అది సెట్ పాయింట్, అంటే మనకు కావాల్సింది. గదిలో ఇప్పుడు 29 ఉంది. అది ప్రాసెస్ వేరియబుల్, అంటే ఇప్పుడు కొలిస్తే వచ్చింది. రెండింటి మధ్య తేడా ఎర్రర్. దాన్ని తగ్గించడమే కంట్రోలర్ పని.

2. 4–20 మిల్లీ ఆంప్స్

ఫ్యాక్టరీల్లో చాలా సెన్సర్ల రీడింగ్‌ని ట్రాన్స్‌మిటర్ కరెంట్‌గా మార్చి పంపుతుంది. రేంజ్ 0 నుంచి 100 డిగ్రీలు అనుకుంటే 4 మిల్లీ ఆంప్స్ అంటే 0 డిగ్రీలు, 12 అంటే 50, 20 అంటే 100. మరి సున్నా నుంచే ఎందుకు మొదలుపెట్టలేదు? వైరు తెగితే కరెంట్ సున్నా అవుతుంది. అప్పుడు "0 డిగ్రీలు" అని మోసపోకుండా, లైన్ పోయిందని వెంటనే తెలుస్తుంది. దీన్నే లైవ్ జీరో అంటారు.

3. అక్యురసీ, రిపీటబిలిటీ

మీ బరువు 60 కిలోలు. మెషిన్ ఎన్నిసార్లు ఎక్కినా 63 చూపిస్తే రిపీటబిలిటీ బాగుంది, అక్యురసీ లేదు. ఇలాంటి తప్పుని క్యాలిబ్రేషన్‌తో సరిచేయొచ్చు. ఒక్కోసారి ఒక్కో నంబర్ చూపించే మెషిన్‌తోనే అసలు తలనొప్పి.

4. అలారం, ఇంటర్‌లాక్

అలారం మనిషికి చెప్తుంది. ఇంటర్‌లాక్ మనిషి కోసం ఆగకుండా తనే పని చేస్తుంది. ఫోన్ బాగా వేడెక్కితే ఛార్జింగ్ దానంతటదే ఆగిపోతుంది కదా, అది ఇంటర్‌లాక్ లాంటిదే.

ఇవన్నీ ఉన్నా సరిపోదు

2020 మే 7 తెల్లవారుజామున మా వైజాగ్ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. నీరభ్ కుమార్ ప్రసాద్ నేతృత్వంలోని ప్రభుత్వ కమిటీ అదే ఏడాది జూలైలో రిపోర్ట్ ఇచ్చింది. అందులో ఒక పాయింట్ నన్ను ఆపేసింది. ఆ ట్యాంక్‌లో టెంపరేచర్ కొలిచేది అడుగు భాగంలోనే. మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదు.

స్టైరీన్‌కి ఒక గుణం ఉంది. దాని అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పాలిమర్‌గా మారేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి రియాక్షన్ ఇంకా వేగం పెంచుకుంటుంది. ద్రవం సరిగా కలవకపోతే చల్లనిది అడుగున, వేడిది పైన ఉండిపోతాయి. అంటే కింది సెన్సర్ తన చోట ఎంత కరెక్ట్‌గా కొలిచినా, పైన పెరుగుతున్న వేడి దానికి కనిపించదు. లీక్‌కి ఇదొక్కటే కారణం కాదు. కూలింగ్, రియాక్షన్‌ని ఆపే కెమికల్ విషయంలోనూ లోపాలున్నాయని కమిటీ చెప్పింది. సైరన్ ఉన్నా మోగించలేదనీ తేల్చింది.

అదే బ్లాస్ట్ ఫర్నేస్‌ల సంగతి చూడండి. వాటి గోడల్లో వేర్వేరు ఎత్తుల్లో, చుట్టూ థర్మోకపుల్స్ పెడతారు. ఒక్క నంబర్‌తో అంత పెద్ద కొలిమి గురించి తెలీదు కాబట్టే.

నా డ్యాష్‌బోర్డ్‌లో ఇప్పుడు ప్రతి నంబర్ పక్కన సెన్సర్ ఎక్కడుందో రాస్తున్నాను. మీరూ ఈసారి ఏ రివ్యూలో టెంపరేచర్ గ్రాఫ్ చూసినా, "ఎంత?" అని అడిగే ముందు "ఎక్కడ కొలిచారు?" అని అడగండి.