చలి చాలని తులిప్, పొట్టి తులిప్ ఒకటి కావు

తులిప్ గడ్డను నిలువునా కోస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి. నాటే కాలానికే వాటి నడుమ వచ్చే వసంతపు పువ్వు చిన్న రూపంలో సిద్ధంగా ఉంటుంది. మరి దానికి చలి ఎందుకు?

మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండల కాఫ్‌మానియానా జాతిని చూద్దాం. ఎత్తు సుమారు జానెడు. మంచు కరిగిన కొద్దికాలానికే, పొడవాటి రకాలకంటే ముందుగా పూస్తుంది. వెచ్చదనానికి రేకు లోపలి వైపు బయటి వైపుకంటే త్వరగా పెరుగుతుంది. అందుకే ఎండలో పువ్వు పూర్తిగా విచ్చుకుని, చల్లబడితే ముడుచుకుంటుంది. దీన్ని కలువ తులిప్ అనీ అంటారు. పేరు బాగా కుదిరింది.

శ్రీనగర్‌లో తులిప్ గడ్డలను చలికాలానికి ముందే నాటుతారు. సాధారణంగా 12 నుంచి 16 వారాల చలి కావాలి. ఆ రోజుల్లో వేర్లు దిగుతాయి, గడ్డలోని పిండి పదార్థం చక్కెరలుగా మారుతుంది, కాడ సాగడానికి సిద్ధమవుతుంది. చలి చాలకపోతే కాడ సాగదు, మొగ్గ ఆకుల మధ్యే ఎండిపోవచ్చు. చూసేవారు ‘పొట్టి రకమేమో’ అనుకుంటారు! కాఫ్‌మానియానా పొట్టితనం పుట్టుకతో వచ్చింది, ఇది ఆకలి లాంటిది.

హైదరాబాద్ డిసెంబరు రాత్రులు ఇందుకు చాలవు. గడ్డలను ఫ్రిజ్‌లో 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్ని వారాలూ ఉంచి, ఆపైన కుండీలో నాటాలి. అయితే ఆ ఫ్రిజ్‌లో యాపిల్ పండ్లు ఉండకూడదు. అవి వదిలే ఎథిలీన్ వాయువు గడ్డలోని పసిమొగ్గను చంపేయగలదు. పైకి గడ్డ చక్కగానే కనిపిస్తుంది. నాటాక ఆకులూ వస్తాయి, పువ్వు మాత్రం రాదు.