వేపనూనె నీళ్లలో ఎందుకు కలవదు? కుంకుడు రసం ఏం చేస్తుంది?



పై వీడియోలో రెండు గాజు సీసాలు చూశారు కదా. ఒకదాంట్లో నీళ్లు, వేపనూనె మాత్రమే. రెండోదాంట్లో కుంకుడు రసం కూడా ఉంది. రెండింటినీ బాగా ఊపి పక్కన పెడితే, మొదటి సీసాలో నూనె కాసేపటికే పైకి తేలింది. రెండోది పాలలాగా తెల్లగా నిలబడింది. ఈ తేడా ఎందుకో తెలుసుకుంటే నూనె వృథా కాదు, ఆకు మాడదు.

నీటికి రెండు కొసలు

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఉంటాయి. అవి ఎలక్ట్రాన్లను పంచుకోవడమే బంధం. కానీ పంపకం సమానం కాదు. ఒకే బోరుకు అన్నదమ్ములిద్దరూ మోటార్లు పెడితే, పెద్ద మోటారు ఉన్నవాడికే ఎక్కువ నీళ్లు వెళ్తాయి. ఇక్కడా అంతే. ఎలక్ట్రాన్లను లాక్కునే శక్తిని రుణ విద్యుదాత్మకత అంటారు. పౌలింగ్ కొలత ప్రకారం ఆక్సిజన్‌కు అది 3.44, హైడ్రోజన్‌కు 2.20. అందుకే ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం చేరతాయి. నీటి అణువు వంకరగా ఉంటుంది కాబట్టి ఈ రెండు ఆవేశాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఇలాంటిదే ధ్రువ అణువు.

నూనె సంగతి వేరు. దాంట్లో ఎక్కువ భాగం కార్బన్, హైడ్రోజన్ల పొడవాటి తోకలే. కార్బన్‌కు 2.55, హైడ్రోజన్‌కు 2.20. తేడా చాలా తక్కువ, పంపకం దాదాపు సమానం. అందుకే తోకలు అధ్రువం.

నూనెకు నీటి మీద పగేమీ లేదండి. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, మధ్యలో నూనెకు చోటివ్వవు. అంతే.

ట్యాంకులో జరిగేది

పంపు ట్యాంకులో నీళ్లు అడుగు నుంచి పోతాయి. నూనె పైన తేలుతుంది. దాంతో ముందు వరుసలకు వట్టి నీళ్లే పడతాయి, పురుగుకు ఏమీ కాదు. చివరి వరుసలకు చిక్కటి నూనె పడి ఆకు మాడుతుంది. తర్వాత "వేపనూనె పనిచేయదు" అంటాం. తప్పు నూనెది కాదు, కలిపిన తీరుది.

కుంకుడు మధ్యవర్తి

కుంకుడులోని సపోనిన్ అణువుకు ఒక వైపు చక్కెర భాగం ఉంటుంది. అది నీటిని పట్టుకుంటుంది. రెండో వైపు నూనెను పట్టుకుంటుంది. అలా నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీటిలో నిలబడుతుంది. క్యాబేజీ, చామ ఆకుల మీద నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి కదా, ఆ మైనం పొర కూడా అధ్రువమే. కుంకుడు కలిస్తే ద్రావణం ఆకు మీద పరుచుకుంటుంది.

సబ్బు కూడా ఇదే పని చేస్తుంది. కానీ బోరు నీళ్లు ఉప్పుగా, గట్టిగా ఉంటే అందులోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు విరిగి తెట్టు కడుతుంది, నాజిల్ మూసుకుపోతుంది. కుంకుడుతో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

కలిపే వరుస

1. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె తీసుకోండి.
2. ముందు నూనెలో చిక్కటి కుంకుడు రసం పోసి బాగా గిలకొట్టండి.
3. తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి.
4. ఒక సీసాలో పట్టి 10 నిమిషాలు ఉంచండి. పైన నూనె తేలితే ఇంకొంచెం రసం కలపండి.
5. ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి, మర్నాడు ఆకు చూసి, అప్పుడు చేనంతా కొట్టండి.

నూనె లేకపోతే?

వేపగింజలోని అజాడిరక్టిన్ అణువులో 16 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. అందుకే అది నూనెలాగా పూర్తిగా నీటికి దూరం కాదు, కొంతవరకు నీటిలోకి దిగుతుంది. 5 కిలోల గింజల పొడిని పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీటిలో నానబెట్టి, పిండి, 100 లీటర్లకు కలిపి వాడేది ఇందుకే. మరిగించకండి. వేడికి, ఎండకు అజాడిరక్టిన్ దెబ్బతింటుంది. ఏదైనా సాయంత్రం పూటే కొట్టండి.

ఈసారి పంపు భుజానికెత్తే ముందు ఆ సీసా పరీక్ష ఒక్కటి చేయండి. పది నిమిషాల పనే.