పట్టణపు బంజరులో పరదేశపు మొక్కలు - పల్నాటి రైతు తెలిసికొనదగిన సంగతులు



నరసరావుపేట, మాచర్ల, గురజాలలోని ఖాళీ స్థలాలు, రోడ్ల ప్రక్కలు, మురుగు కాలువ గట్లు మీరు చూచుచునే ఉందురు. అచ్చట పచ్చదనమునకు లోటు లేదు. కాని దగ్గరకు పోయి చూచినచో తరచుగా రెండు మొక్కలే ఎక్కువగా కనబడును. ఒకటి వయ్యారిభామ, రెండవది సర్కారు తుమ్మ. రెండును అమెరికా ఖండమునుండి వచ్చినవే. ఇవి పట్టణపు బంజరును ఎట్లు మార్చుచున్నవో, ఆ మార్పు మీ పొలము గట్టుకు ఎట్లు చేరునో ఈ పాఠములో తెలిసికొందము.

పరదేశపు మొక్కలన్నియు చెడ్డవి కావు

మిరప, వేరుశనగ, పొగాకు, జామ, బొప్పాయి - ఇవి అన్నియు అమెరికా ఖండమునుండి వచ్చినవే. చింత ఆఫ్రికానుండి వచ్చినది. మిరప లేని పల్నాడును ఎవరూ ఊహింపలేరు. అయితే మిరప మనము నాటిన చోటనే ఉండును. కలుపు తీయక విడిచిన చేనిలో అది నిలువలేదు. వయ్యారిభామ అట్లు కాదు. ఎవరూ విత్తకయే మొలచి, పోయిన చోటనెల్ల ఇతర మొక్కలను నెట్టివేయును. కనుక మొక్క ఎచ్చటనుండి వచ్చినదను దానికంటె, వచ్చిన తరువాత ఎట్లు ప్రవర్తించుచున్నదను దానిని బట్టియే దాని మంచి చెడ్డలను నిర్ణయింపవలెను.

ఇవి ఎట్లు వచ్చినవి?

సర్కారు తుమ్మను కోరియే తెచ్చిరి. 1877లో జమైకానుండి తెప్పించిన విత్తనమును కడప జిల్లా కమలాపురమువద్ద నాటిరి. బీడు భూములలో వంటచెరకు కొరకు అది పనికివచ్చినది. నేటికిని కట్టెకు, బొగ్గుకు ఉపయోగపడుచున్నది. కాని దాని కాయలను పశువులు తిన్నప్పుడు గింజలు అరుగక పేడతో బయటపడి, సులభముగా మొలచును.

వయ్యారిభామను ఎవరూ కోరి తేలేదు. దీని వ్యాప్తిని మన దేశములో 1955లో పూనాలో గుర్తించిరి. అమెరికా గోధుమలతో వచ్చినదని సాధారణముగా చెప్పుదురు. దీనికి కాంగ్రెసు గడ్డి అను పేరు కూడ కలదు.

మిగిలిన మొక్కలు ఏల తగ్గును?

పుట్టిన దేశములో ప్రతి మొక్కకును దానిని తినెడి పురుగులు, సోకెడి తెగుళ్లు ఉండును. క్రొత్త దేశమునకు వచ్చినప్పుడు ఆ అదుపు తప్పిపోవును. పట్టణములో పునాదులు త్రవ్వుట, మట్టి పోయుట నిత్యమూ జరుగుచుండును. అట్లు కదలిన నేలను ముందుగా చేరిన విత్తనము ఆక్రమించును. వయ్యారిభామ మొలచిన నెల, నెలన్నరలోనే పూతకు వచ్చును. ఒక్క మొక్క పదివేలకు పైగా గింజలు రాల్చగలదు. దాని ఆకులనుండి, వేళ్లనుండి దిగు పదార్థములు ఇతర గింజల మొలకను అణచును. పశువులు దానిని ఇష్టపడి తినవు గనుక, అవి మేసెడి గరిక తగ్గి, మేయనిది మిగులును.

ఈ విధముగా గరిక, ఉత్తరేణి, తుమ్మి, నేల ఉసిరి, వెంపలి, పల్లేరు కలిసి పెరిగిన చోట ఒకే మొక్క దట్టముగా నిలుచును. పశువుకు మేత, ఇంటికి మందు, తేనెటీగకు పూవు - మూడును తగ్గును.

ఇంకొక సంగతి గమనింపుడు. తోటలలోను, కుండీలలోను పెంచు మొక్కలను కలిపి లెక్కించినచో పట్టణములో జాతుల సంఖ్య పెరిగినట్లే కనబడవచ్చును. కాని ప్రతి పట్టణములోను అవే మొక్కలు ఉండుటచే ఒక ఊరికిని మరియొక ఊరికిని గల భేదము నశించును. రోడ్ల మధ్య ఒకే జాతి చెట్లు నాటుటయు ఇట్టిదే. పలుచోట్ల విరివిగా నాటిన కోనోకార్పస్ చెట్టును ఇకపై నాటరాదని గుజరాత్ ప్రభుత్వము 2023లో ఆదేశించినది.

పొలమునకు నష్టమేమి?

2000 సంవత్సరములో అనంతపురం జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్ళు వైరస్ తెగులు సోకినది. సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు మించి నష్టము కలిగినట్లు అంచనా వేసిరి. ఆ వైరస్‌కు ముఖ్యమైన ఆశ్రయము వయ్యారిభామయే. మొక్క పైకి ఆరోగ్యముగానే కనబడును, కాని దాని పుప్పొడిలో వైరస్ ఉండును. ఆ పుప్పొడి పైరుపై పడగా, తామర పురుగులు ఆకును గీకిన గాయములద్వారా వైరస్ లోనికి ప్రవేశించును. ప్రొద్దుతిరుగుడుకు కూడ ఈ వైరస్ సోకును. వయ్యారిభామ ముట్టినచో కొందరికి చర్మము దురద పెట్టును, పుప్పొడి పీల్చినచో ఉబ్బసము రావచ్చును.

మీరే పరీక్షించి చూడుడు

నాలుగు కర్రలతో ఒక మీటరు చతురస్రపు చట్రము కట్టుడు. వయ్యారిభామ దట్టముగా ఉన్న చోట ఒకసారి, గరిక నేలపై ఒకసారి ఉంచి, చట్రములో ఎన్ని రకముల మొక్కలు ఉన్నవో లెక్కించి వ్రాసికొనుడు. వర్షాకాలములో ఏటా అదే చోట లెక్కించినచో మార్పు మీకే తెలియును.

చేయవలసిన పనులు

1. తొలకరి వానల తరువాత, నేల తడిగా ఉన్నప్పుడు, పూతకు రాకముందే వయ్యారిభామను చేతి తొడుగులు ధరించి వేళ్లతో పెరుకుడు. పూత రానిదానిని కంపోస్టు గుంటలో వేయవచ్చును. గింజ కట్టినదానిని వేయరాదు.

2. పట్టణపు చెత్త ఎరువును పొలమునకు తోలునప్పుడు బాగుగా మాగినదానినే తోలుడు. మాగనిదానితో కలుపు గింజలు కూడ వచ్చును.

3. వేరుశనగ చుట్టును జొన్నను గాని, సజ్జను గాని 4 వరుసలు విత్తుడు. గట్లపై వయ్యారిభామ లేకుండ చూడుడు.

4. సర్కారు తుమ్మను నేలమట్టముగా నరికిన చాలదు, మొదలునుండి మరల చిగుర్చును. అడుగు లోతు త్రవ్వి మోడును తీయవలెను. మొలకలను మొదటి ఏడే పెరుకుట తేలిక.

5. పెరికిన నేలను ఖాళీగా విడువరాదు. విడిచినచో అదే మొక్క మరల వచ్చును. తగిరిసగాని, వెంపలిగాని చల్లుడు. చెట్లకు వేప, కానుగ, నేరేడు, రావి కలిపి నాటుడు.

మెక్సికోనుండి 1983లో తెప్పించిన ఒక పెంకు పురుగు వయ్యారిభామ ఆకులను తినును. వర్షాకాలములో అది కనబడినచో చంపక విడువుడు. అయినను పురుగొక్కటియే ఈ మొక్కను అణచలేదు.

ఒక రైతు తన గట్టు శుభ్రము చేసికొన్నంత మాత్రమున పని తీరదు. ప్రక్క పొలమునుండి, ఊరి ఖాళీ స్థలమునుండి గింజలు మరల వచ్చును. మీకు పట్టణములో ఖాళీ స్థలమున్నచో దానినుండియే ప్రారంభింపుడు. గ్రామస్థులందరును కలిసి, పూతకు ముందు ఒకే వారములో ఈ పని చేసినచో ఫలితము నిలుచును.