మన జ్వరానికి టీకా పెయ్యదూడకు

జ్వరం తగ్గని రోగి వార్డులో చేరితే చార్టు రాసే సిస్టరు ఒక ప్రశ్న తప్పక అడగాలని కొన్నేళ్ల క్రితం మేము నియమం పెట్టుకున్నాం. "ఇంట్లో పశువులున్నాయా? ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" ఈ ప్రశ్న మాకు నేర్పింది ఒక పాడిరైతు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారేసరికి పక్క తడిసేటంత చెమట, నడుము నొప్పి. టైఫాయిడ్ అనుకుని చాలా రోజులు మందులిచ్చాం. ఒకరోజు ఆయన భార్య మాటవరసకు, చూడి గేదె ఈసుకుపోతే మాయ ఈయనే చేత్తో తీశాడమ్మా అని చెప్పింది. రక్తపరీక్ష చేయిస్తే బ్రూసెల్లోసిస్ అని తేలింది.

ఈ జబ్బుకు మందు ఉంది. సాధారణంగా డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు ఇస్తారు. కాని మనుషులకు వేసే టీకా మన దేశంలో లేదు. మనల్ని కాపాడే టీకాను పెయ్యదూడకే వేయాలి. అది ఎలా పుట్టిందో, ఎలా తయారవుతుందో తెలిస్తే మన పనిలోనూ ఉపయోగపడుతుంది.

1923లో అమెరికా పశు పరిశోధకుడు జాన్ బక్ ఒక జెర్సీ ఆవు పాల నుండి ఈ క్రిమిని వేరుచేశాడు. ఆ కల్చరు ప్రయోగశాలలో మామూలు గది వేడిమిలో ఏడాదికి పైగా ఉండిపోయింది. తిరిగి పరీక్షిస్తే క్రిమి బతికే ఉంది, రోగం కలిగించే బలం మాత్రం చాలావరకు తగ్గింది. అదే ఎస్-19 టీకాకు మూలం. (మన ల్యాబులో ఎవరైనా కల్చరును అలా వదిలేస్తే మేము ఊరుకోము, అది వేరే సంగతి.)

చూడి పశువు మాయలో ఎరిథ్రిటాల్ అనే చక్కెరవంటి పదార్థం ఎక్కువగా ఉంటుంది. మామూలు బ్రూసెల్లా దానితో విపరీతంగా పెరిగి మాయను పాడుచేస్తుంది, పశువు ఈసుకుపోతుంది. ఎస్-19కు ఆ పదార్థం పడదు, అది ఉన్నచోట పెరగలేదు. అయినా ఇది బతికున్న క్రిమి. చూడి పశువుకు వేస్తే కొన్నిసార్లు ఈసుకుపోవచ్చు. మగదూడకు వేస్తే వృషణాలు వాచవచ్చు. పెద్ద పశువుకు వేస్తే రక్తంలో యాంటీబాడీలు చాలాకాలం నిలిచి, అది జబ్బో టీకా ప్రభావమో పరీక్షలో తెలియకుండా పోతుంది. 4 నుండి 8 నెలల పెయ్యలకు మాత్రమే, జీవితంలో ఒక్కసారే వేయడానికి కారణాలు ఇవి. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలోనూ ఈ వయసునే తీసుకున్నారు.

హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఈ టీకా తయారుచేసే సంస్థల్లో ఒకటి. భద్రపరచిన విత్తన కల్చరు నుండే ప్రతి బ్యాచీ మొదలవుతుంది. పెరిగిన కాలనీలు నున్నగా ఉండాలి. గరుకు కాలనీలు ఎక్కువైతే టీకా బలం తగ్గుతుంది. వేరే క్రిములు కలవలేదని చూసి, బతికున్న క్రిములను లెక్కిస్తారు. ఒక్కో డోసులో అవి వేల కోట్లలో ఉంటాయి. తరువాత చల్లదనంలోనే తడి పీల్చి పొడిగా చేసి సీసాలో మూసేస్తారు. బి.సి.జి. సీసా చూసిన మన సిస్టర్లకు మిగతాది చెప్పనక్కరలేదు. ఐసు పెట్టె, దానికిచ్చిన ద్రవంతోనే కలపడం, కలిపాక కొద్ది గంటల్లో వాడి మిగిలింది పారేయడం, అన్నీ అవే.

తేడా ఒక్కటే. ఈ సూది పొరపాటున మనిషికి గుచ్చుకుంటే జబ్బు రావచ్చు. దూడ గింజుకున్నప్పుడు టీకా వేసేవారి వేలికి గుచ్చుకోవడం, కలిపేటప్పుడు కంట్లో చిందడం అరుదు కాదు. "పశువుల మందే కదా" అని వారు ఊరుకుంటారు. ఆ చోట వెంటనే సబ్బుతోను, కన్నైతే ధారగా పోసే మంచినీటితోను కడిగి, అదేరోజు డాక్టరు దగ్గరకు పంపాలి. జ్వరం వచ్చేదాకా ఆగకుండా మూడు వారాలు మందులిచ్చే పద్ధతి ఉంది.

ఏ టీకా అన్నది అడగడం ముఖ్యం. అమెరికాలో 1996 నుండి ఆర్‌బి-51 అనే మరో టీకా వాడుతున్నారు. దానితో మామూలు రక్తపరీక్షలకు ఇబ్బంది లేదు. కాని ఆ క్రిమికి రిఫాంపిసిన్ పనిచేయదు, మనుషులకు అది సోకినా మామూలు పరీక్షలో కనబడదు. 2017లో అక్కడ పచ్చిపాలు తాగినవారికి ఆ టీకా క్రిమే సోకింది. పెయ్యకు టీకా వేయించిన ఇంట్లో కూడా పాలు కాచే తాగాలని చెప్పండి. ఈసుకుపోయిన పశువు మాయను గ్లౌజులతోనే తీసి, సున్నం వేసి లోతుగా పూడ్చమనండి.

గుచ్చుకున్నవారు వస్తే టీకా సీసా లేదా దాని లేబులు తెప్పించి, పేరు, బ్యాచీ నంబరు, గుచ్చుకున్న సమయం చార్టు మొదటి పేజీలోనే రాయండి. రక్తం ల్యాబుకు పంపేటప్పుడు చీటీపై "బ్రూసెల్లా అనుమానం" అని తప్పక రాయండి. కల్చరు తెరిచే టెక్నీషియనుకు కూడా ఇది సోకుతుంది.