కంచు లోపలి సంగతులు

తెనాలి

చి. అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ చదివి పొంగిపోయాను. పన్నెండడుగుల కంచు విగ్రహం, నెత్తిన చేపలగంపతో బెస్త ఆడమనిషి, సముద్రం ఒడ్డున! రెండో పేజీకి వచ్చేసరికి ఆవిష్కరణ తేదీ ఖరారైందనీ, కార్డులు అచ్చుకి వెళ్లాయనీ రాశావు. ఈ విగ్రహానికి ఇంకా మట్టి ముట్టుకోలేదు కదే నువ్వు! మీ అమ్మ ఫోన్ చేసి, పిల్ల పేరు పేపర్లో వస్తుందట అన్నయ్యా అని మురిసిపోయింది. దానితో ఏమీ అనలేదు.

తేదీకోసం తొందరపడితే ఏమవుతుందో, మహారాష్ట్రలో మాల్వణ్ సంగతి తెలుసుగా. రాజ్‌కోట్ కోట దగ్గర 35 అడుగుల శివాజీ విగ్రహం. 2023 డిసెంబరు 4న, నేవీ డే నాడు, ఆవిష్కరించారు. 2024 ఆగస్టు 26న కూలిపోయింది. తొమ్మిది నెలలు నిండలేదు. ఉప్పుగాలికి నట్లు, బోల్టులు తుప్పు పడుతున్నాయని అక్కడి ఇంజనీర్లు కూలకముందే రాసిపెట్టారు. తర్వాత పోలీసులు శిల్పినీ, స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌నీ అరెస్టు చేశారు. తేదీ ఎవరు పెట్టినా జవాబు చెప్పుకోవాల్సింది చేసినవాళ్లే.

నువ్వు కడుతున్నదీ సముద్రం పక్కనే. లోపల ఆధారానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడు, అదీ 316 గ్రేడు. ఉప్పుగాలికి 304 చాలదు. మామూలు ఇనుము కంచుకి తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరిందంటే కంచు నిక్షేపంగా ఉంటుంది, ఇనుము పొడైపోతుంది. బయటినుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

ఇంతకంటే ముఖ్యం, బెజ్జం. నవ్వకు. నీళ్లు పోయే బెజ్జం ఎక్కడ పెడుతున్నావో నీ స్కెచ్‌లో లేదు. గంప తలకిందులుగా లేదు కదా, వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి. అవి అతుకుల్లోంచి మెడలోకి, మెడలోంచి నడుములోకి దిగుతాయి. కంచు లోపల చల్లబడితే గాలిలో చెమ్మ కూడా నీరవుతుంది. అదంతా ఎక్కడికి పోవాలి? గంప అడుగున ఒక బెజ్జం, చీర కుచ్చెళ్ల వెనక ఒకటి, రెండు పాదాల కింద చెరొకటి. దిమ్మెలో కూడా దారి ఉండాలి, లేకపోతే పాదం కింద చెరువే. పిచ్చుకలు గడ్డి కుక్కుతాయి కాబట్టి జాలీ పెట్టు, కానీ తీసి శుభ్రం చేసే జాలీ పెట్టు.

మా మేస్త్రి ఉండేవాడు. విగ్రహం పూర్తయ్యాక నిచ్చెనెక్కి చెంబుతో దాని నెత్తిన నీళ్లు పోసేవాడు. వీధిలో పోయేవాళ్లు అభిషేకమనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాళ్లు. ఆయన మాత్రం భుజం మడతలో, మోచేతి వంపులో నీళ్లు ఎక్కడ ఆగాయో చూసి బొగ్గుతో గీత గీసేవాడు. నిలిచిన ప్రతిచోటా మళ్లీ పని. డబ్బులిచ్చే పెద్దమనిషి విసుక్కుంటే, వాన నీకు నాకు చెప్పి వస్తుందా అనేవాడు. ఆ చెంబు మా ఇంట్లోనే ఉంది, వచ్చినప్పుడు తీసుకుపో.

తిండి వేళకి తింటున్నావా? మైనం పొగలో, గ్రైండింగ్ దుమ్ములో ముక్కుకి చున్నీ చుట్టుకుని పనిచేస్తున్న ఫొటో పంపావు. చున్నీ మాస్కు కాదు తల్లీ.

మద్రాసు ఆర్ట్ కాలేజీలో చదివే రోజుల్లో సాయంత్రాలు మెరీనాకి పోయి దేవీప్రసాద్ రాయ్‌చౌదురి చేసిన 'ట్రయంఫ్ ఆఫ్ లేబర్' విగ్రహం కింద కూర్చునేవాళ్లం. జేబులో సుండల్‌కి సరిపడా డబ్బులు, నోట్లో ప్రపంచాన్ని మార్చే మాటలు. నలుగురు మనుషులు బండని కదుపుతూ ఉంటారు. ఆ నరాలు చూస్తే మన నడుం లాగేది. మా కాలేజీ వాచ్‌మన్‌నే నిలబెట్టి చేశారని సీనియర్లు చెప్పేవాళ్లు. 1959 నుంచి ఆ ఉప్పుగాలిలోనే ఉంది. రాయ్‌చౌదురి దాదాపు మూడు దశాబ్దాలు మా కాలేజీకి ప్రిన్సిపాల్. నెలజీతం ఉన్న చెయ్యి తొందరపడదు. నువ్వేమో పార్ట్‌టైమ్ పాఠాలు మానేస్తానని రాశావు. మానకు.

బడ్జెట్ చాలకపోతే ఫైబర్‌కి కంచురంగు పూసేయమని విగ్రహం కమిటీవాళ్లు అంటున్నారట. ఆ మాట వినకు. రామ్‌కింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో 'సంథాల్ కుటుంబం' చేసినప్పుడు సిమెంటులో ఎర్ర కంకర కలిపి చేశాడు. సిమెంటుని సిమెంటులాగే, గరుకుగా వదిలేశాడు. డబ్బు లేకపోతే లేనట్టే కనిపించనీ.

మన జనం సంగతి లెక్కేసుకో. రేపు దండ వెయ్యడానికి నిచ్చెన ఆమె భుజానికే ఆనిస్తారు. ఇద్దరు కుర్రాళ్లు గంప పట్టుకుని సెల్ఫీ దిగుతారు, ఒకడు పాలు పోస్తాడు. అవి లోపలికి దిగితే వాసన. బెజ్జం ఎందుకన్నానో చూశావా! గంప పట్టుకున్న చెయ్యి ఒక మనిషి బరువు మోయగలగాలి. ఆ లెక్క నువ్వు వెయ్యకు, ఇంజనీరుతో వేయించి సంతకం తీసుకో. రోడ్డు స్థలమైతే అనుమతి కాగితం చూడనిదే దిమ్మె కట్టకు. రోడ్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతులివ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక నీ పేరు. ఫలకం మీద ఆవిష్కర్త, అధ్యక్షుడు, విశిష్ట అతిథి ఉంటారు, నీకు చోటుండదు. మైనం మీదే, పాదం పక్కన, పేరూ సంవత్సరమూ చెక్కెయ్యి. పోతలోనే వచ్చేస్తుంది. అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడబీకి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ ముక్కలు ఆయనకి తిరిగిమ్మంది, 5 లక్షల రూపాయల నష్టపరిహారం ఇప్పించింది. కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ చదువు. అడ్వాన్సు తీసుకునే ముందే ఒప్పందంలో రాయించుకో: నీకు చెప్పకుండా తీయకూడదు, రంగు పూయకూడదు.

కోప్పడుతున్నాననుకోకు. చిన్నప్పుడు నా బంకమట్టి దొంగిలించి వినాయకుడికి మూడు చెవులు పెట్టిన పిల్లవి. ఇంత పని నీ చేతికి వచ్చిందంటే రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

ఈ వారంలోనే కమిటీకి ఉత్తరం రాయి. మట్టి, అచ్చు, మైనం, పోత, అతుకులు, దేనికెంత కాలమో వేసి, కొత్త తేదీ నువ్వే చెప్పు. ఫోన్లో చెప్పకు, కాగితం మీద పెట్టు. ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగిచ్చెయ్యి. తక్కువైతే నేను సర్దుతాను.

మీ
మావయ్య