బట్ట తెలిసిన చేతులకు మ్యూజియంలో పని

రాయదుర్గం జీన్స్ యూనిట్లలో మిషను మీద కూర్చునేవాళ్లకు, ధర్మవరం, ఉరవకొండ మగ్గాల ఇళ్లలో పుట్టి ఇంకో దారి వెతుక్కుంటున్న పిల్లలకు, కణేకల్ బళ్లలో సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లకు ఈ సలహా. పాత బట్టలను సేకరించి, చెడకుండా దాచి, వాటి సంగతి నలుగురికీ చూపించి చెప్పడం ఒక వృత్తి. అది ఢిల్లీ, హైదరాబాదులవాళ్ల పని అనీ, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే దక్కుతుందనీ మనవాళ్లు అటువైపు చూడరు. నా మాట నమ్మండి, ఆ పనిలో సగం చదువుతో వచ్చేది కాదు. కుట్టు చూసి ఏ మిషనో చెప్పగలిగిన కన్ను, నేత చూసి పడుగేదో పేకేదో పట్టుకోగలిగిన వేళ్లు కావాలి. అవి మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. మిగిలిన సగం ఎలా నేర్చుకోవాలో, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.

విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి సేకరణలు పాఠం చెప్పేవాళ్ల అవసరం కొద్దీ పుట్టాయి. అమెరికాలో మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హెలెన్ లూయీజ్ అలెన్ అనే అధ్యాపకురాలు 1927 నుంచి 1968 దాకా పనిచేశారు. పాఠానికి పనికొస్తాయని దేశదేశాల గుడ్డలు పోగుచేశారు. ఆమె పేరుతో నిలిచిన ఆ సేకరణలో ఇప్పుడు సుమారు 13,000 వస్తువులున్నాయి, మన దేశపు బట్టలతో సహా. అక్కడి విద్యార్థులు డిజైను నేర్చుకునేది వాటిని చూసే. అవే ప్రదర్శనలుగా జనం ముందుకూ వస్తాయి.

గుడ్డలు పోగుచేసినవాళ్లందరి ఉద్దేశం ఒకటి కాదు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన లండన్‌లో 18 సంపుటాలు తయారుచేశాడు. మన చీరలు, పంచెలు, తలపాగాల నుంచి కత్తిరించిన 700 నిజమైన గుడ్డముక్కలు వాటిలో అతికించి ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ నేతలూ అందులో ఉన్నాయి. అలాంటివి 20 సెట్లు చేసి 13 బ్రిటన్‌లోనే ఉంచుకున్నారు, 7 మన దేశానికి పంపారు. మన అంచులు, మన కొలతలు చూసి ఇంగ్లండు మిల్లులు అలాంటివే నేసి మనకే అమ్ముకోవాలన్నది దాని వెనకున్న లెక్క. ఆ సంపుటాల్లో ప్రతి ముక్క పక్కనా పొడవు, వెడల్పు, ఊరు ఉంటాయి. నేసిన మనిషి ఎవరో, కట్టుకున్న మనిషి ఎవరో ఉండదు. మీరు మొదలుపెట్టే సేకరణ సరిగ్గా ఆ లోటు తీర్చాలి.

మన ప్రాంతంలో ఏముందని అడిగేవాళ్లు ముందు లేపాక్షి వెళ్లి తల ఎత్తి చూడాలి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల చీరలు ఒక్కోటి ఒక్కో తీరు. గళ్లు, చారలు, పూలు, అంచుకు అంచుకు తేడా. మగవాళ్ల తలల మీద ఎత్తైన కుళ్లాయి టోపీ, ఒంటి మీద పొడుగాటి కబాయి అంగీ. ఈ రెండూ పర్షియా, అరబ్బు దేశాల దుస్తుల తీరు. హిందూ రాజుల కొలువులోకి అవి ఎలా వచ్చాయో చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తల మీద ఉన్నదీ ఆ కుళ్లాయే. అయిదు వందల ఏళ్ల కిందటి గుడ్డ మనకు దొరకదు గానీ దాని బొమ్మ మన ప్రాంతపు గుడి పైకప్పు మీదే ఉంది. అక్కడి లతామండపం స్తంభాల మీది తీగలు ఈనాటికీ చీరల అంచుల్లో తిరుగుతున్నాయి.

ఇక దొరికే గుడ్డ సంగతి. మన ఊళ్లలో అది వేగంగా మాయమైపోతోంది. పాత పట్టుచీరలు కొంటామని కేకేస్తూ వీధిలోకి వచ్చేవాళ్లకు అవ్వల పెళ్లిచీరలు అమ్మేస్తున్నాం. ఆ చీరను ఎవరూ కట్టుకోరు, కాల్చి జరీలోని వెండి తీస్తారు. అరవై ఏళ్ల నేత ఒక పూటలో బూడిదవుతుంది. కష్టంలో ఉన్న ఇల్లు అమ్ముకుంటే తప్పుపట్టలేం. అమ్మేముందు ఫొటో తీసి, కొలిచి, ఆ అవ్వ చెప్పే నాలుగు మాటలు రాసుకున్నా ఎంతో మిగులుతుంది.

ఒక వస్తువును ఎలా చదవాలో చూద్దాం. పాత రవిక ఒకటి తీసుకోండి. బయటివైపు అందరూ చూస్తారు, మీరు లోపలివైపు తిప్పండి. పక్క కుట్లు చేతివా, మిషనువా? మిషనువైతే లాక్ కుట్టా, గొలుసు కుట్టా? ఓవర్‌లాక్ ఉంటే ఆ రవిక లేదా ఆ మరమ్మతు మన ఊళ్లకు ఆ మిషను వచ్చాకే జరిగింది. దారం మెరుస్తూ గట్టిగా ఉంటే అది పాలియెస్టర్ కావచ్చు. హుక్కులు, ప్రెస్ బటన్లు, ముడివేసుకునే కొసలు, ఏది ఉంటే ఆ కాలం. పక్కల్లో గుడ్డ ఎంత వదిలారు? కుట్టు విప్పి మళ్లీ వేసిన సూదిరంధ్రాల వరస కనిపిస్తోందా? కనిపిస్తే ఆ రవిక ఇంకో ఒంటికి మారింది, అక్క తొడిగింది చెల్లెలికి వచ్చింది. చంకల దగ్గర రంగు వెలిసిన తీరు, మోచేతి దగ్గర అతుకు, కొనలో మిగిలిన మిల్లు ముద్ర, ఇవన్నీ సాక్ష్యాలు. పుస్తకాలు మాత్రమే చదివినవాళ్లకు ఇది పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది. మిషను మీద పదేళ్లు పనిచేసినవాళ్లకు తిప్పి చూసిన వెంటనే తెలిసిపోతుంది. అలా తెలిసింది నోట్లోనే ఉండిపోతే లాభం లేదు, కాగితం మీద పెట్టాలి.

కంబళి ఇంకోరకం పాఠం. మన కురుబల కంబళి దక్కనీ గొర్రె నల్ల ఉన్ని, చాలావాటికి రంగు అద్దరు. పడుగుకు చింతగింజల గంజి పెడతారు. వానకు తలమీద ముసుగు, రాత్రికి పరుపు, దేవర పూజలో పీట అన్నీ అదే. ఆ గంజి వల్లనే దానికి వెండిచేప పురుగు పడుతుంది, ఉన్ని వల్ల చిమ్మట పడుతుంది. అందుకే సేకరణలోకి వచ్చే వస్తువుల్లో కంబళిని ముందు వేరుగా ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు పెట్టి తీస్తే గుడ్లు, పురుగులు చస్తాయి. బయటికి తీశాక సంచిలోనే ఒక రోజు ఉంచి తర్వాత విప్పండి, లేకపోతే చెమ్మ పడుతుంది. ఐస్‌క్రీం ఫ్రీజరున్న దుకాణదారుడిని అడిగితే చోటు దొరకవచ్చు.

దాచడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మన యూనిట్లకు గుడ్డ తాన్లు అట్టగొట్టాలకు చుట్టి వస్తాయి, గుడ్డ అయిపోయాక ఆ గొట్టాలు పారేస్తారు. వాటిని అడిగి తెచ్చుకోండి. అట్టలోని ఆమ్లం చీరను పసుపు చేస్తుంది కాబట్టి గొట్టానికి ముందు అల్యూమినియం రేకు, దానిమీద గంజి పోయేలా రెండు మూడుసార్లు ఉతికిన గాడా గుడ్డ చుట్టండి. చీరను దానిమీద జరీ బయటికి ఉండేలా వదులుగా చుట్టాలి. మడత పెట్టక తప్పనప్పుడు మడతలో గుడ్డ చుట్ట పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి. పట్టు విరిగేది ఎప్పుడూ ఒకే మడత దగ్గరే. వార్తాపత్రికలో చుట్టవద్దు. ప్లాస్టిక్ కవరులో శాశ్వతంగా ఉంచవద్దు. కలరా ఉండలు గుడ్డకు తాకనివ్వవద్దు. గుండుసూదులు, పిన్నులు తుప్పు పడతాయి, కాబట్టి అసలే వద్దు. ఎండలో ఆరేయడం మన అలవాటు, పాత గుడ్డకు అదే విషం.

మన పీఠభూమికి ఒక మేలుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట బూజు బెడద కోస్తాలో కన్నా తక్కువ. అయితే హగరి నది ఒడ్డున ఇసుక ఎగిరి ఇంట్లోకి వస్తుంది. ఆ రేణువు నూలు పోగుల మధ్య చేరి కోస్తుంది. కాబట్టి పెట్టెకు మూత బిగుతుగా ఉండాలి, గది కిటికీకి దోమతెర ఉండాలి. దుమ్ము దులపవద్దు. గుడ్డ మీద సన్నని జాలీ పరిచి దాని మీంచి తక్కువ వేగంతో వ్యాక్యూమ్ పట్టాలి. ఉతకవద్దు. ఏ మరకనైనా ముందు రాసుకోండి. అది పసుపు నీళ్లదైతే పెళ్లికి సాక్ష్యం.

ఇక రిజిస్టరు. ఏ మ్యూజియంలోనైనా అసలు ఉద్యోగం ఇక్కడే ఉంది. వస్తువుకు ఒక సంఖ్య ఇవ్వండి, ఏడాది, ఎన్నో వస్తువు అనే వరసలో. సంఖ్యను నూలు నాడా మీద రాసి రెండు వదులు కుట్లతో లోపలివైపు తగిలించండి. స్టిక్కరు అంటించవద్దు. కొలత సెంటీమీటర్లలో రాయండి, పక్కనే ఇంట్లోవాళ్లు చెప్పిన మూరల లెక్కా రాయండి. అంగుళానికి ఎన్ని పోగులో పిక్ గ్లాసుతో లెక్కపెట్టడం మగ్గం ఇంటి పిల్లలకు చెప్పనక్కర్లేదు. తర్వాత మనుషుల మాటలు. ఎవరిది, ఎప్పుడు కొన్నారు, ఎంతకు, ఎవరు కుట్టారు, ఏ సందర్భంలో కట్టారు, ఎందుకు దాచారు. పెద్దావిడను అడిగేటప్పుడు ఫోనులో రికార్డు చేస్తానని ముందే చెప్పి ఒప్పించుకోండి.

వస్తువు తీసుకుంటే రసీదు ఇవ్వండి. దానమా, అరువా, ఎప్పుడు తిరిగిస్తారు, పాడైతే ఏం చేస్తారు, అన్నీ అందులో ఉండాలి. బీద ఇంటి నుంచి ఊరికే పట్టుకురావడం సేకరణ కాదు. అరువు తెచ్చి, చూపించి, భద్రంగా తిరిగిచ్చి, ఎలా దాచుకోవాలో చెప్పి రావడమే చాలాసార్లు మంచి పని. ఇంకో మాట, వందేళ్లు దాటిన వస్తువును అనుమతి లేకుండా విదేశానికి పంపడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. ఎవరైనా పెద్ద ధర చూపి అడిగితే జాగ్రత్త.

ప్రదర్శనకు బడిలో ఒక గది చాలు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ రోజు హెడ్మాస్టర్లు కాదనరు. గదిలో ఎండ పడకుండా కిటికీలు మూయండి. పాత గుడ్డకు వెలుతురు 50 లక్స్ దాటకూడదు, ఫోనులో కొలిచే యాప్ ఉజ్జాయింపుగా చెబుతుంది. రెండు రోజులు చూపించి ఏడాది విశ్రాంతి ఇవ్వండి. ఇరవై చీరలు వేలాడదీస్తే అది బట్టల కొట్టులా ఉంటుంది. ఆరు వస్తువులు చాలు, ఒక్కోదానికి యాభై మాటల చీటీ, తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి. మన సరిహద్దు ఊళ్లలో కన్నడ చదివేవాళ్లకు అది గౌరవం. పాత వస్తువును తాకనివ్వవద్దు, కానీ పక్కన తాకడానికి కొత్త కంబళి ముక్క, జరీ ముక్క, డెనిమ్ ముక్క పెట్టండి. పిల్లలు ఆ బల్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు. ప్రదర్శనను బట్ట పుట్టిన చోటికే తీసుకెళ్లాలన్నది పెద్దవాళ్లూ పాటించిన పద్ధతి. మార్తాండ్ సింగ్ కూర్చిన 108 రకాల ఖాదీ సేకరణను బెంగుళూరుకు చెందిన ‘ది రిజిస్ట్రీ ఆఫ్ శారీస్’ సంస్థ మన చీరాలలోనూ ప్రదర్శించింది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. పదో తరగతితో వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది, మగ్గం ఇళ్ల పిల్లలకు నా మొదటి సలహా అదే. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లు సంరక్షణ వైపు వెళ్లాలి. లక్నోలో 1976 నుంచి ఉన్న జాతీయ సంరక్షణ ప్రయోగశాల శిక్షణలు ఇస్తుంది, దాని శాఖ మైసూరులో ఉంది, మనకు అదే దగ్గర. చరిత్ర, హోమ్ సైన్స్ చదివినవాళ్లకు మ్యూజియాలజీ ఎమ్మే సరిపోతుంది. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో ఆ విభాగం 1952 నుంచి ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లోనూ ఉంది. కుట్టుపని వచ్చి చదువు ఆగిపోయినవాళ్లు ఇంటాక్ లాంటి సంస్థల సంరక్షణ కేంద్రాలకు ఉత్తరం రాయండి. చిరిగిన గుడ్డకు వెనక ఆధారం కుట్టడం, బొమ్మకు దుస్తులు నలగకుండా తొడగడం చేతిపనే.

నిజం కూడా చెప్పాలి. పర్మనెంటు పోస్టులు తక్కువ. ఎక్కువభాగం ఆరు నెలలకో, ఏడాదికో కాంట్రాక్టు. మొదట్లో జీన్స్ యూనిట్లో పీసు లెక్కన వచ్చేదానికన్నా తక్కువే రావచ్చు. కాబట్టి ఉన్న పని మానుకుని దీనిలోకి దూకవద్దు. ఏడాదిపాటు ఆదివారాలు పనిచేసి, యాభై వస్తువుల రిజిస్టరు, ఫొటోలు, ఒక ప్రదర్శన తయారుచేసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా ఆ రిజిస్టరుకే విలువ ఎక్కువ. బట్టల కంపెనీల డిజైను విభాగాలు, చేనేత సంఘాల కేటలాగులు, సినిమా దుస్తుల విభాగాలు కూడా అలాంటి మనిషిని వెతుక్కుంటాయి.

టీచర్లకు ఒక విన్నపం. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981 నుంచి మన పిల్లలకు చదువు చెబుతోంది. మీ బడి ప్రదర్శనకు అక్కడి అధ్యాపకులను, ఎన్నెస్సెస్ విద్యార్థులను పిలవండి. మీ రిజిస్టరు నకలు ఒకటి వాళ్లకివ్వండి. మన ప్రాంతపు బట్టలకు క్యాంపస్‌లో ఒక గది కేటాయించమని రాతపూర్వకంగా అడగండి. ఒక్క బడి అడిగితే పక్కన పెడతారేమో గానీ కణేకల్, రాయదుర్గం, ఉరవకొండ, ధర్మవరం బళ్లు కలిసి అడిగితే జవాబు ఇవ్వక తప్పదు.