ఉత్తర ఐరోపా దేశములలో బీరు వినియోగము – ఒక పరిశీలనము

అర్థశాస్త్రమున వినియోగ సిద్ధాంతమును బోధించునపుడు మేము సాధారణముగ తేనీరు, కాఫీలను ఉదాహరణముగ చెప్పుదుము. ఒకదాని ధర పెరిగినచో రెండవదాని గిరాకి పెరుగును గనుక అవి ప్రత్యామ్నాయ వస్తువులందుము. కాని ఏ రెండు వస్తువులు నిజముగ ప్రత్యామ్నాయములో తేల్చుట పాఠ్యపుస్తకమునందున్నంత సులభము కాదు. అందుకు తగిన నిదర్శనము డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్లాండ్ అను ఐదు దేశములలో గడచిన నూరేండ్లుగ బీరు విషయమున జరిగిన మార్పులలో కలదు. కళాశాల పత్రికలో బీరు ప్రసంగమేల యని పెద్దలు అడుగవచ్చును. "తేలికపాటి మద్యము దొరికినచో జనులు ఘాటు మద్యమును విడిచెదరు" అను వాదము ఎల్లెడల వినబడుచున్నది. ఆ వాదమును నిగ్గు తేల్చుటకు ఈ ఐదు దేశముల అనుభవము మిక్కిలి యుపకరించును.

ముందుగ కొలమానమును గూర్చి ఒక మాట. బీరునందు ఆల్కహాలు సాధారణముగ 5 శాతము, సారాజాతి మద్యములలో 40 శాతము ఉండును. కావున 100 లీటర్ల బీరును, 12.5 లీటర్ల సారాను త్రాగినవారు ఒకే పరిమాణమున, అనగా 5 లీటర్ల శుద్ధ ఆల్కహాలును పుచ్చుకొనినట్లే. ఉత్త లీటర్ల లెక్కను మాత్రమే చూచువారు దీనిని మరచుచుందురు.

తేలిక మద్యము వాదమునకు బలమిచ్చు చరిత్ర డెన్మార్క్‌ది. ఆ దేశము బీరునకు పేరుగన్నది. 1847లో స్థాపితమైన కార్ల్స్‌బర్గ్ సంస్థ ప్రయోగశాలలోనే 1909లో సోరెన్‌సెన్ అను శాస్త్రజ్ఞుడు ఆమ్లత్వమును కొలిచెడి పిహెచ్ మానమును రూపొందించెను. రసాయనశాస్త్ర విద్యార్థులు ప్రతిదినము వాడు కొలమానము బీరు తయారీదారుల ప్రయోగశాలలో పుట్టినదన్నమాట! అయినను 1917 వరకు డేన్ జాతివారు సారాయే మెండుగ త్రాగెడివారు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ధాన్యపు కొరత ఏర్పడగా ప్రభుత్వము సారాపై భారీ సుంకము విధించినది. దాని ధర ఇంచుమించు పన్నెండు రెట్లయినది. బీరు ధర మాత్రము రెండింతలకు మించి అంతగ పెరుగలేదు. సారా వినియోగము ఒక్కసారిగ పడిపోయినది. జనులు బీరు వైపు మరలిరి. అతిగ త్రాగుటవలన కలుగు మతిభ్రమణ రోగమును తీవ్రముగ తగ్గినది. ఇచ్చట బీరు సారాకు ప్రత్యామ్నాయమైనదనుట వాస్తవము. కాని ఆ పని చేసినది బీరు సుగుణము కాదు, సారాపై వేసిన పన్ను. ఈ రెంటిని వేరుచేసి చూడకుండుటయే పిదప కొన్ని దేశములకు చేటు తెచ్చినదని మా అభిప్రాయము.

తక్కిన నాలుగు దేశములు నిషేధమునో, ప్రభుత్వ గుత్తాధిపత్యమునో ఆశ్రయించినవి. ఫిన్లాండ్ 1919 నుండి 1932 వరకు సంపూర్ణ నిషేధము పాటించినది. స్వీడన్‌లో 1922లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నిషేధ ప్రతిపాదన స్వల్పముగ, 51 శాతమునకు 49 శాతముగ, ఓడిపోయినది. నాడు స్త్రీ పురుషుల ఓట్లను వేర్వేరుగ లెక్కించిరి. స్త్రీలలో అధికులు నిషేధమును కోరిరి, పురుషులలో అధికులు తిరస్కరించిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవనెత్తిన సారా వ్యతిరేకోద్యమమును ఎరిగిన మనకు ఈ లెక్క వింతగ తోచదు. నార్వే సంగతి క్లుప్తముగ చెప్పవచ్చును: అచ్చట 4.7 శాతము వరకు ఆల్కహాలు గల బీరు కిరాణా దుకాణములలో దొరకును, అంతకు మించినది ప్రభుత్వ విక్రయశాలలో మాత్రమే; పన్ను అధికమగుటచే పలువురు సరిహద్దు దాటి స్వీడన్‌లో కొని తెచ్చుకొందురు.

అసలు పరీక్ష ఫిన్లాండ్‌లో జరిగినది. గ్రామసీమలలో ప్రభుత్వ మద్యశాలలు లేకుండుటచే జనులు పట్టణములకు వచ్చి సారా కొనుచున్నారనియు, మధ్యరకపు బీరును ఊరూరి దుకాణములలో అమ్మనిచ్చినచో ఆ అలవాటు తగ్గుననియు పాలకులు తలచిరి. 1969 ప్రారంభమున అట్లే అనుమతించిరి. ఆ ఒక్క సంవత్సరమున తలసరి శుద్ధ ఆల్కహాలు వినియోగము 2.9 లీటర్ల నుండి 4.2 లీటర్లకు, అనగా ఇంచుమించు 46 శాతము పెరిగినది. 1974 నాటికి అది 6 లీటర్లను దాటినది. సారా త్రాగువారు సారాను మానలేదు. దానిపై బీరు అదనముగ చేరినది. తేనీటి బదులు కాఫీ త్రాగుట కాదిది, తేనీటితోపాటు కాఫీయు త్రాగుట!

స్వీడన్ ప్రయోగము మరింత విచారకరమైనది. 1967 నవంబరులో గోటెబోర్గ్–బోహుస్, వెర్మ్‌లాండ్ అను రెండు మండలములలో ఘాటు బీరును కిరాణా దుకాణములలో అమ్మనిచ్చిరి. ప్రభుత్వ విక్రయశాలలో 21 ఏండ్లు నిండినవారికే అమ్మెడివారు. కిరాణా దుకాణములకు ఆ కట్టుబాటు లేదు. అమ్మకము అనేక రెట్లు పెరిగినది. త్రాగువారిలో యువజనులే హెచ్చని గ్రహించి, 1968 డిసెంబరు దాక నడువవలసిన ప్రయోగమును జూలైలోనే నిలిపివేసిరి. కథ అంతటితో ముగియలేదు. ఆ నెలలలో తల్లి గర్భమునందున్న శిశువులు పెద్దవారైన పిదప వారి స్థితిగతులను పీటర్ నిల్సన్ అను అర్థశాస్త్రజ్ఞుడు పరిశీలించి 2017లో ప్రకటించెను. 21 ఏండ్లలోపు తల్లులకు జన్మించినవారిలో చదువు తక్కువగను, సంపాదన తక్కువగను, ప్రభుత్వ సహాయముపై ఆధారపడుట హెచ్చుగను కనబడినది. ఎనిమిది మాసముల అమ్మకపు నిబంధన పుట్టని బిడ్డల బ్రతుకుపై ముద్ర వేసినదన్నమాట. మధ్యరకపు బీరును 1965 నుండి దేశమంతట కిరాణా దుకాణములలో అమ్ముచుండిన స్వీడన్, 1977 జూలై 1న దానిని తొలగించినది. పిదప మొత్తము వినియోగము తగ్గినది.

కాలము మారినది. 1980 దశకపు తొలినాళ్ల డెన్మార్క్‌లో తలసరి బీరు వినియోగము సంవత్సరమునకు 120 లీటర్లు దాటి యుండగా నేడు ఇంచుమించు సగమునకు దిగినది. ద్రాక్షసారాయము కొంత చోటు ఆక్రమించినది. యువతరము త్రాగుటయే తగ్గించినది. ఫిన్లాండ్ 2004లో, ఎస్తోనియా ఐరోపా సమాఖ్యలో చేరనున్నందున, మద్యపు పన్నును సగటున మూడవవంతు తగ్గించి, వినియోగము పెరుగగా 2008 నుండి మరల పలుమార్లు పెంచినది. 2007 తరువాత అచ్చట వినియోగము క్రమముగ క్షీణించినది.

ఇక ఐస్లాండ్. 1915లో నిషేధము విధించిన ఆ చిన్న దీవి, తన ఉప్పుచేపలను కొనబోమని స్పెయిన్ బెదిరింపగా 1922లో ద్రాక్షసారాయమును, 1935లో సారాను అనుమతించినది. బీరును మాత్రము 1989 మార్చి 1 దాక నిషేధించియే యుంచినది! సారా చెల్లును, బీరు చెల్లదు. అది చౌకగ దొరికి యువకులను చెరచునని వారి భయము. నిషేధము తొలగిన పిదప పెద్దల వినియోగము పెరిగినమాట నిజము. కాని 15, 16 ఏండ్ల విద్యార్థులలో గడచిన నెలలో మత్తెక్కునట్లు త్రాగినవారు 1998లో 42 శాతముండగా 2016 నాటికి 5 శాతమునకు తగ్గిరి. అందుకు వారు చేసినదేమన, పిల్లలు రాత్రివేళ ఒంటరిగ వీధులలో తిరుగరాదని వేళలు నియమించిరి. తలిదండ్రులచేత ఒడంబడికలు వ్రాయించిరి. క్రీడలకు, సంగీతమునకు చేరుటకై రేక్జవిక్ నగరపాలక సంస్థ కుటుంబములకు ధనసహాయము చేసినది. ఏటేట పాఠశాలలలో ప్రశ్నపత్రములిచ్చి ఫలితములను ఆయా పాఠశాలలకే తెలియపరచిరి.